పెద్ద డేటాబేస్, పట్టని ఫైలు: సైజు పరిమితులున్న చోట బ్యాకప్ తీసుకునే పద్ధతి

“సార్, పెన్‌డ్రైవ్‌లో ఇంకా ఇరవై జీబీ ఖాళీ ఉంది, అయినా బ్యాకప్ ఫైల్ పట్టదంటోంది.” దిల్‌సుఖ్‌నగర్‌లోని డయాగ్నొస్టిక్ సెంటర్ నుంచో, కూకట్‌పల్లిలోని జూనియర్ కాలేజీ నుంచో, బేగంబజార్‌లోని హోల్‌సేల్ దుకాణం నుంచో ఇలాంటి ఫోన్ రావడం హైదరాబాద్‌లో డేటాబేస్‌లు చూసిపెట్టే వారికి కొత్తేమీ కాదు. సాఫ్ట్‌వేర్ పెట్టించిన రోజున కొన్ని వందల ఎంబీలున్న డేటాబేస్, రిపోర్టులూ రసీదులూ స్కాన్ చేసిన కాగితాలూ చేరుతూ చేరుతూ పదుల జీబీలకు పెరిగి ఉంటుంది. బ్యాకప్ తీసే పద్ధతి మాత్రం మొదటి రోజు పెట్టినదే నడుస్తూ ఉంటుంది. ఒక రాత్రి అది ఆగిపోతుంది. ఆగినట్టు ఎవరికైనా తెలిస్తే అదృష్టమే, ఎందుకంటే చాలా స్క్రిప్టులు సగం రాసిన ఫైల్‌ను అలాగే వదిలేసి, పని పూర్తయినట్టే ముగిసిపోతాయి.

పరిమితి దాదాపు ఎప్పుడూ డేటాబేస్‌లో ఉండదు. బ్యాకప్ ఫైల్ వెళ్లే దారిలో ఎక్కడో ఉంటుంది. కాబట్టి ఏ టూల్ వాడాలని ఆలోచించే ముందు, ఆ ఫైల్ పుట్టిన చోటి నుంచి చివరికి చేరే చోటి వరకు ఏయే మజిలీలున్నాయో కాగితం మీద రాసుకుని, ఒక్కొక్క మజిలీలో ఎంత పెద్ద ఫైల్ పడుతుందో చూసుకోవాలి. ఈ పని పది నిమిషాలు తీసుకుంటుంది. చేయకపోతే మాత్రం ఒక గోడ దాటించి ఇంకో గోడకు తగిలిస్తూ రాత్రంతా గడిచిపోతుంది.

గోడ ఎక్కడుంది

అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యేది ఫ్యాట్32. ఈ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవ్‌లో ప్రతి ఫైల్ సైజునూ 32 బిట్లలో నమోదు చేస్తారు. 32 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య 4,29,49,67,295. ఫైల్ అన్ని బైట్లను దాటితే, డ్రైవ్‌లో ఎంత ఖాళీ ఉన్నా సరే, తీసుకోదు. 32 జీబీ, అంతకంటే చిన్న పెన్‌డ్రైవ్‌లు సాధారణంగా ఈ ఫార్మాట్‌తోనే అమ్మకానికి వస్తాయి. విండోస్‌లో డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే ఫైల్ సిస్టమ్ పేరు కనిపిస్తుంది. లినక్స్‌లో డీఎఫ్ కమాండ్‌కు పెద్ద టీ ఆప్షన్ ఇస్తే తెలుస్తుంది. డ్రైవ్ మీ సొంతమైతే, అందులో దాచుకున్నదంతా ముందుగా వేరే చోటికి కాపీ చేసుకుని, ఎక్స్‌ఫ్యాట్ లేదా ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో మళ్లీ ఫార్మాట్ చేయడమే అన్నిటికంటే తేలికైన పరిష్కారం. 2019లో వచ్చిన 5.4 కెర్నెల్ నుంచి లినక్స్ కూడా ఎక్స్‌ఫ్యాట్‌ను నేరుగా గుర్తిస్తుంది. ఆ డ్రైవ్‌ను వేరే ఎవరి పరికరానికో తగిలించాల్సి వస్తే మాత్రం, ఆ పరికరం కొత్త ఫార్మాట్‌ను చదువుతుందో లేదో అక్కడే ప్రయత్నించి చూసుకోవాలి. పాత రౌటర్లు, డీవీఆర్ పెట్టెలు ఫ్యాట్32 తప్ప మరొకటి చదవకపోవడం మామూలే.

సర్వర్ లోపలి డిస్క్‌లో ఈ సమస్య అరుదు. లినక్స్‌లో సర్వసాధారణంగా కనిపించే ఎక్స్‌టీ4, మామూలు 4 కేబీ బ్లాకులతో ఒక్కో ఫైల్‌ను 16 టీబీ వరకు అనుమతిస్తుంది. అయితే సర్వర్ నిర్వాహకులు ఒక్కో యూజర్‌కు ఫైల్ సైజు హద్దు పెట్టి ఉండవచ్చు. యూలిమిట్ కమాండ్‌కు ఎఫ్ ఆప్షన్ ఇచ్చి చూస్తే అది బయటపడుతుంది.

వెబ్ హోస్టింగ్ మీద నడిచే సైట్లకు గోడ ఇంకా దగ్గరలోనే ఉంటుంది. చాలా సైట్లు నడిచే పీహెచ్‌పీ భాషలో ఎవరూ మార్చకపోతే అప్‌లోడ్ ఫైల్ పరిమితి 2 ఎంబీ, పోస్ట్ పరిమితి 8 ఎంబీ, స్క్రిప్టు నడిచే సమయం 30 సెకన్లు. హోస్టింగ్ వాళ్లు వీటిని కొంత పెంచి ఇచ్చినా, డేటాబేస్‌ను చూసుకునే వెబ్ టూల్ పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో బ్రౌజర్ ద్వారా కొన్ని జీబీల డేటాబేస్‌ను ఎక్కించడం జరిగే పని కాదు. ఇక ఈమెయిల్ సంగతి అనుకోనవసరమే లేదు. జీమెయిల్ జోడింపు 25 ఎంబీ దగ్గరే ఆగుతుంది. క్లౌడ్‌లోనూ హద్దులున్నాయి కానీ అవి వేరే రకం; వాటి దగ్గరికి తరువాత వస్తాను.

కోసే ముందు బరువు తగ్గించడం

ముక్కలు చేయడం సులువే కాబట్టి చాలామంది నేరుగా దానికి దిగుతారు. నా సలహా ఏమిటంటే, అంతకు ముందు డేటాబేస్‌లో ఏ టేబుల్ ఎంత చోటు తింటోందో ఒకసారి చూడాలి. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఇన్ఫర్మేషన్ స్కీమా కింద ఉన్న టేబుల్స్ అనే టేబుల్‌లో డేటా లెంగ్త్, ఇండెక్స్ లెంగ్త్ అనే రెండు కాలమ్‌లు ఉంటాయి. వాటిని కూడి, పెద్దవి పైకి వచ్చేలా వరుస పెడితే బొమ్మ స్పష్టమవుతుంది. చాలా చోట్ల బిల్లుల టేబుల్ కంటే లాగిన్ లాగ్, సెషన్ల టేబుల్, పంపిన ఎస్ఎంఎస్‌ల చిట్టా పెద్దవిగా ఉంటాయి. వాటిలోని పాత వరుసలు ఎవరికీ అక్కర్లేకపోతే, మైఎస్‌క్యూఎల్‌డంప్ కమాండ్‌కు ఇగ్నోర్-టేబుల్ ఆప్షన్ ఇచ్చి ఆ టేబుళ్లను డంప్ నుంచి, అంటే డేటాబేస్‌ను తిరిగి కట్టడానికి కావలసిన ఆదేశాలు రాసి ఉండే బ్యాకప్ ఫైల్ నుంచి, తప్పించవచ్చు. అయితే వాటి నిర్మాణం మాత్రం తప్పక కావాలి, లేకపోతే పునరుద్ధరించిన రోజున అప్లికేషన్ ఆ టేబుల్ లేదని మొరాయిస్తుంది. అందుకని నో-డేటా ఆప్షన్‌తో ఆ టేబుళ్ల నిర్మాణాన్ని విడిగా ఒక చిన్న ఫైల్‌లోకి తీసిపెట్టుకోవాలి.

డిస్క్ మీద కనిపించే సైజుకూ డంప్ సైజుకూ నేరుగా పోలిక ఉండదని కూడా గుర్తుంచుకోవాలి. డంప్‌లో ఇండెక్స్‌ను, అంటే వరుసలను త్వరగా వెతికే సూచికను, ఎలా కట్టాలో చెప్పే ఒక్క వాక్యమే ఉంటుంది, ఇండెక్స్ ఉండదు. కాబట్టి ఇండెక్స్‌లు బాగా ఉన్న డేటాబేస్‌కు డంప్ చిన్నదవుతుంది. దీనికి వ్యతిరేకంగా, రోగి రిపోర్టు పీడీఎఫ్‌లను, ఎక్స్‌రే బొమ్మలను టేబుల్‌లోనే బ్లాబ్‌గా, అంటే ముడి బైట్ల కట్టగా, దాచే సాఫ్ట్‌వేర్‌కు డంప్ ఉబ్బిపోతుంది, ఎందుకంటే హెక్స్-బ్లాబ్ ఆప్షన్ వాడితే ఒక్కో బైట్ రెండు అక్షరాలుగా మారుతుంది. పేర్లు, చిరునామాలు, మొత్తాలతో నిండిన టేబుల్ జీజిప్ అనే కుదింపు టూల్‌లో బాగా నలుగుతుంది. పీడీఎఫ్, జేపెగ్ లాంటివి అప్పటికే కుదించినవి కాబట్టి ఇంకా నలగవు. ఈ బ్లాబ్‌లను ఫోల్డర్‌లోకి మార్చి, టేబుల్‌లో ఫైల్ దారి మాత్రమే ఉంచమని సాఫ్ట్‌వేర్ రాసినవారిని అడగడం మంచిదే. అయితే ఆ రోజు నుంచి ఆ ఫోల్డర్‌కు కూడా, డేటాబేస్‌తో పాటే, బ్యాకప్ తీయాల్సి ఉంటుంది. ఈ రెండో సగాన్ని మరిచిపోయిన ఆఫీసులు చాలానే ఉన్నాయి.

పెద్ద ఫైల్ పుట్టకుండానే ముక్కలు చేయడం

మొదట పెద్ద ఫైల్ తయారు చేసి, తరువాత దాన్ని కోయడం రెండు విధాలా నష్టం. ఆ పెద్ద ఫైల్‌కు ఒకసారి, ముక్కలకు మరోసారి డిస్క్ మీద చోటు కావాలి. పైగా పెద్ద ఫైల్ పుట్టే చోటే పరిమితి ఉంటే కోసే అవకాశమే రాదు. డంప్ కమాండ్ నుంచి వచ్చే ప్రవాహాన్ని దారిలోనే కుదించి, దారిలోనే ముక్కలు చేస్తే, ఏ దశలోనూ హద్దు దాటిన ఫైల్ డిస్క్ మీద ఉండదు.

లినక్స్‌లో ఇందుకు మూడు కమాండ్లను పైప్ గుర్తుతో, అంటే | తో, ఒకే వరుసలో కలపాలి: మైఎస్‌క్యూఎల్‌డంప్, జీజిప్, స్ప్లిట్. మొదటిది డేటాను బయటికి తీస్తుంది, రెండోది కుదిస్తుంది, మూడోది ముక్కలు చేస్తుంది. వీటిని టెర్మినల్‌లో మామూలుగానే ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో టైప్ చేయాలి.

మైఎస్‌క్యూఎల్‌డంప్‌కు మొదట ఇవ్వవలసిన ఆప్షన్ సింగిల్-ట్రాన్సాక్షన్. ఇది డంప్ మొదలైన క్షణంలో డేటా ఎలా ఉందో అలాగే చివరి వరకు చూపిస్తుంది. ఈలోగా కౌంటర్‌లో బిల్లులు కొడుతున్నవారి పని ఆగదు. ఇది ఇన్నోడీబీ అనే నిల్వ పద్ధతిలో ఉన్న టేబుళ్లకే వర్తిస్తుంది. పాత సాఫ్ట్‌వేర్లలో మైఐసామ్ అనే పాత పద్ధతి టేబుళ్లు మిగిలి ఉంటే వాటికి ఈ హామీ లేదు కాబట్టి, వాటిని ఇన్నోడీబీకి మార్చడమో, పని ఆగిన వేళలో డంప్ తీయడమో చేయాలి. డంప్ నడుస్తుండగా ఎవరూ టేబుల్ నిర్మాణాన్ని మార్చకూడదన్నది కూడా నియమమే. ట్రిగ్గర్లు, అంటే టేబుల్ మారినప్పుడు తమంతట తామే నడిచే ఆదేశాలు, డంప్‌లోకి వాటంతటవే వస్తాయి. డేటాబేస్‌లోనే దాచిన ప్రోగ్రాములైన స్టోర్డ్ ప్రొసీజర్లు, షెడ్యూల్ చేసిన ఈవెంట్లు రావాలంటే రొటీన్స్, ఈవెంట్స్ అనే ఆప్షన్లు విడిగా చేర్చాలి. క్యారెక్టర్ సెట్‌ను, అంటే అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతిని, యూటీఎఫ్8ఎంబీ4 అని స్పష్టంగా చెప్పడం మంచిది. ఒక్కో తెలుగు అక్షర సంకేతం యూటీఎఫ్-8లో 3 బైట్లు, ఎమోజీ 4 బైట్లు తీసుకుంటాయి. 3 బైట్ల వరకే పట్టే పాత యూటీఎఫ్8తో తీస్తే తెలుగు పేర్లు నిలిచినా, కస్టమర్ అభిప్రాయాల్లోని ఎమోజీలు ప్రశ్నార్థకాలైపోతాయి. పాస్‌వర్డ్‌ను కమాండ్ వరుసలో రాయకుండా, యూజర్ ఒక్కరే చదవగలిగేలా అనుమతులు పెట్టిన ఆప్షన్ ఫైల్‌లో ఉంచాలి.

స్ప్లిట్‌కు బీ ఆప్షన్‌తో ముక్క సైజు, ఫైల్ పేరు ఉండాల్సిన చోట ఒక హైఫన్, ఆ తరువాత ముక్కల పేర్లకు ముందు భాగం ఇవ్వాలి. ఇక్కడొక చిన్న చిక్కు ఉంది. ఫ్యాట్32 హద్దు 4 జీబీ అని అందరూ అంటారు కాబట్టి సైజుగా 4జీ అని ఇచ్చేవారున్నారు. స్ప్లిట్ దృష్టిలో 4జీ అంటే 4,29,49,67,296 బైట్లు. ఫ్యాట్32లో పట్టేది అంతకు సరిగ్గా ఒక బైట్ తక్కువ. ఆ ఒక్క బైట్ కోసం మొదటి ముక్కే విఫలమవుతుంది. 3900ఎం అని ఇస్తే ఈ బాధ ఉండదు. ముక్కలను ఇంటర్నెట్ ద్వారా పంపాల్సి ఉంటే 1జీ ఇంకా మేలు, ఎందుకంటే మధ్యలో లైన్ తెగినప్పుడు ఒక జీబీ మాత్రమే మళ్లీ పంపాల్సి వస్తుంది.

ముక్కల పేర్ల చివర స్ప్లిట్ తనంతట తాను ఏఏ, ఏబీ, ఏసీ అని అక్షరాలు చేరుస్తుంది. అంకెలు కావాలంటే డీ ఆప్షన్, మూడు అంకెలు ఉండాలంటే చిన్న ‘ఏ’ అక్షరం ఆప్షన్‌తో 3 ఇవ్వాలి. అన్ని ముక్కలకూ ఒకే వెడల్పు అంకెలు ఉండడం అవసరం. ఎవరైనా ముక్కలకు చేతితో 1, 2, 10 అని పేర్లు పెడితే, కంప్యూటర్ వాటిని వరుస పెట్టేటప్పుడు 10ని 2 కంటే ముందు పెడుతుంది; అలా కలిపిన ఫైల్ తెరుచుకోదు. పేరు ముందు భాగంలో డేటాబేస్ పేరూ, సంవత్సరం నెల తేదీ వరుసలో తేదీ ఉంటే ఏ ముక్క ఏ రోజుదో తికమక ఉండదు.

ఇక అసలు ప్రమాదం పైప్‌లో దాగి ఉంటుంది. మూడు కమాండ్లను కలిపినప్పుడు, మొత్తం వరుస నెగ్గిందా లేదా అని కమాండ్లను నడిపే షెల్ అడిగితే సమాధానం చెప్పేది చివరి కమాండ్ ఒక్కటే. డేటాబేస్ కనెక్షన్ మధ్యలో తెగి డంప్ సగంలో ఆగిపోయినా, అందిన సగాన్ని స్ప్లిట్ చక్కగా ముక్కలు చేసి, అంతా బాగుందని చెబుతుంది. బ్యాష్ అనే షెల్‌కు రాసిన స్క్రిప్టు మొదట్లో పైప్‌ఫెయిల్ అనే సెట్టింగ్ పెడితే, ఏ ఒక్క కమాండ్ విఫలమైనా వరుస మొత్తం విఫలమైనట్టు తేలుతుంది. రాత్రి పూట క్రాన్ ద్వారా, అంటే చెప్పిన వేళకు పనులు నడిపే సదుపాయం ద్వారా, నడిపేవారు మరొకటి గమనించాలి: క్రాన్ మామూలుగా బ్యాష్‌ను కాక ఎస్‌హెచ్ అనే సాదా షెల్‌ను వాడుతుంది కాబట్టి, పైప్ వరుసను నేరుగా క్రాన్‌లో రాయకుండా, మొదటి వరుసలోనే బ్యాష్ అని ప్రకటించిన స్క్రిప్టు ఫైల్‌లో పెట్టాలి.

విండోస్ మీద నడిచే మైఎస్‌క్యూఎల్‌కు దారి కొంచెం వేరు. విండోస్‌తో పాటే వచ్చే పవర్‌షెల్‌లో > గుర్తుతో డంప్‌ను ఫైల్‌లోకి మళ్లిస్తే, అది యూటీఎఫ్-16లోకి మారిపోయి, తిరిగి ఎక్కించేటప్పుడు పనికిరాకుండా పోతుంది. కాబట్టి రిజల్ట్-ఫైల్ ఆప్షన్‌తో నేరుగా ఎన్‌టీఎఫ్ఎస్ డిస్క్‌లోకి రాయించి, ఆ తరువాత సెవెన్-జిప్‌తో వాల్యూమ్ సైజు ఇచ్చి ముక్కలు చేయడం మేలు. పెద్ద ఫైల్ ఒకసారి పుట్టక తప్పదు గానీ, డిస్క్‌లో చోటుంటే ఇబ్బంది లేదు.

షెల్ అనుమతే లేని షేర్డ్ హోస్టింగ్‌లో ఉన్నవారు ఒక్కో టేబుల్‌ను, పెద్ద టేబుల్ అయితే ఐడీ సంఖ్యల హద్దుల ప్రకారం కొన్ని వేల వరుసలను, విడివిడిగా ఎగుమతి చేసుకోవచ్చు. ఇది పనిచేస్తుంది, కానీ ఒక్కో ఎగుమతి ఒక్కో సమయానిది. పది గంటలకు తీసిన బిల్లుల టేబుల్‌లో లేని బిల్లుకు, పదింపావుకు తీసిన చెల్లింపుల టేబుల్‌లో చెల్లింపు కనిపిస్తుంది. సైట్‌ను ఆ కాసేపు మెయింటెనెన్స్‌లో పెట్టడమొక్కటే దీనికి నికరమైన మందు. వ్యాపారం దాని మీదే నడుస్తుంటే, నెలకు మరికొంత చెల్లించి షెల్ అనుమతి ఉన్న హోస్టింగ్‌కు మారడం మంచిదని నా అభిప్రాయం.

తమంతట తామే ముక్కలు చేసుకునే టూల్స్

మైఎస్‌క్యూఎల్ షెల్‌లో 2020 నాటి 8.0.21 నుంచి డంప్ ఇన్‌స్టాన్స్ అనే సదుపాయం ఉంది. ఇది ఒక్కో టేబుల్‌ను చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, నాలుగు థ్రెడ్ల మీద, అంటే నాలుగు పని వరుసల మీద, ఏకకాలంలో, కుదించి రాస్తుంది. మామూలుగా ఒక్కో ముక్క 64 ఎంబీల డేటాకు కుదురుతుంది కాబట్టి ఫైల్ సైజు పరిమితి ప్రస్తావనే రాదు. ఎక్కించేటప్పుడు కూడా సమాంతరంగానే నడుస్తుంది. అందుకు సర్వర్‌లో లోకల్ ఇన్‌ఫైల్ సెట్టింగ్‌ను ఆన్ చేయాలి. డేటాబేస్ పదుల జీబీలు దాటినవారు పాత డంప్ కమాండ్‌ను వదిలి దీనికి మారితే సమయం బాగా కలిసివస్తుంది.

పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్ తన లోపలి ఫైళ్ల విషయంలో ఈ జాగ్రత్త ఎప్పుడో తీసుకుంది: టేబుల్ 1 జీబీ దాటితే దాన్ని 1 జీబీ ఫైళ్లుగా విడగొట్టి దాస్తుంది, ఫైల్ సైజు హద్దులున్న సిస్టమ్‌ల మీద కూడా నడవడానికే. దాని డంప్ టూల్ అయిన పీజీ డంప్‌లో డైరెక్టరీ ఫార్మాట్ ఎంచుకుంటే టేబుల్‌కొక ఫైల్ చొప్పున, జే ఆప్షన్‌తో సమాంతరంగా రాస్తుంది. ఇక్కడ చాలామంది పొరబడేది ఏమిటంటే, టేబుల్‌కొక ఫైల్ అంటే పెద్ద టేబుల్‌కు పెద్ద ఫైలే వస్తుంది. ఒక్క టేబులే 30 జీబీలుంటే, కుదించిన తరువాత కూడా 4 జీబీ దాటవచ్చు. అలాంటప్పుడు కస్టమ్ ఫార్మాట్‌లో తీసి స్ప్లిట్‌కు పైప్ చేయాలి. ముక్కలను, ఫైళ్లను వరుసగా అతికించే క్యాట్ కమాండ్‌తో కలిపి, తిరిగి ఎక్కించే టూల్ అయిన పీజీ రిస్టోర్‌కు నేరుగా పైప్ చేయవచ్చు, కానీ పైప్ నుంచి చదివేటప్పుడు సమాంతర పునరుద్ధరణ కుదరదు; అది కావాలంటే చోటున్న డిస్క్ మీద మొదట ఒకే ఫైల్‌గా కలుపుకోవాలి. యూజర్లు, వారి పాస్‌వర్డ్‌లు పీజీ డంప్‌లో రావు కాబట్టి పీజీ డంప్ ఆల్‌కు గ్లోబల్స్-ఓన్లీ ఆప్షన్ ఇచ్చి వాటిని విడిగా తీసుకోవాలి.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో బ్యాకప్ కమాండ్‌కు ఒక డిస్క్ ఫైల్‌కు బదులు కామాలతో నాలుగైదు ఫైళ్ల పేర్లు ఇస్తే, డేటాను వాటి మధ్య పంచి రాస్తుంది; గరిష్ఠంగా 64 వరకు ఇవ్వవచ్చు. పునరుద్ధరణకు వాటిలో ప్రతి ఒక్కటీ ఉండాలి. చెక్‌సమ్ ఆప్షన్ కూడా చేర్చితే పాడైన పేజీలు బ్యాకప్ సమయంలోనే పట్టుబడతాయి. ఒరాకిల్ డేటాబేస్‌లో ఎగుమతి టూల్ అయిన డేటా పంప్‌కు ఫైల్‌సైజ్ పారామీటర్, ఫైల్ పేరులో %యూ గుర్తు ఇస్తే ఆ సైజుకు కొత్త ఫైల్ మొదలవుతుంది. ఒరాకిల్ బ్యాకప్ టూల్ ఆర్‌మ్యాన్ వాడేవారికి మ్యాక్స్ పీస్ సైజ్ అదే పని చేస్తుంది.

ఆఫీసు గోడల బయట ఒక ప్రతి

హైదరాబాద్‌లో చిన్న ఆఫీసుల సర్వర్ తరచుగా సెల్లార్‌లోనో, మెట్ల కిందో ఉంటుంది. బ్యాకప్ డ్రైవ్ దాని పక్క డ్రాయర్‌లోనే ఉంటుంది. 2020 అక్టోబర్ వానలకు నగరంలో ఎన్నో కాలనీల సెల్లార్లు నీట మునిగిన సంగతి గుర్తున్నవారికి ఈ ఏర్పాటు ఎందుకు చాలదో వేరే చెప్పనక్కర్లేదు. ఒక ప్రతి మరో చోట ఉండాలి.

క్లౌడ్ నిల్వ అందుకు అనుకూలం. అమెజాన్ 2022 నవంబర్‌లో హైదరాబాద్ రీజియన్, అంటే తన డేటా కేంద్రాల సముదాయం, తెరిచింది. దగ్గరలో ఉండడం వేగానికి మంచిదే గానీ, ఊరు మొత్తానికి వచ్చే విపత్తును దృష్టిలో పెట్టుకునేవారు ముంబై రీజియన్ ఎంచుకోవడం సబబు. అమెజాన్ ఫైల్ నిల్వ సేవ అయిన ఎస్3లో ఒకే అభ్యర్థనతో పంపే ఫైల్ 5 జీబీ మించకూడదు. అంతకంటే పెద్దదాన్ని మల్టీపార్ట్ పద్ధతిలో, గరిష్ఠంగా 10,000 భాగాలుగా పంపాలి. అమెజాన్ కమాండ్ టూల్ ఈ పని తనే చేసుకుంటుంది. అయితే డంప్‌ను ఫైల్‌గా దాచకుండా నేరుగా పైప్ ద్వారా ఎస్3కి పంపేటప్పుడు మొత్తం ఎంత వస్తుందో దానికి తెలియదు. 50 జీబీ దాటుతుందనుకుంటే ఎక్స్‌పెక్టెడ్-సైజ్ ఆప్షన్‌లో ఉజ్జాయింపు సంఖ్యను బైట్లలో ఇవ్వాలి. లేకపోతే భాగాలు మరీ చిన్నవై, పదివేల హద్దు మధ్యలోనే తగిలి, గంటల శ్రమ వృథా అవుతుంది.

సమయం లెక్క ముందే వేసుకోవాలి. అప్‌లోడ్ వేగం సెకనుకు 50 మెగాబిట్లయితే ఒక జీబీకి 160 సెకన్లు, 40 జీబీలకు సుమారు గంటా నలభై ఏడు నిమిషాలు. ఆచరణలో ఇంకొంత ఎక్కువే. కొన్ని బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్లలో డౌన్‌లోడ్ వేగాన్ని గొప్పగా చెప్పి, అప్‌లోడ్‌ను తక్కువగా ఇస్తారు కాబట్టి బిల్లు మీది సంఖ్యను కాక, వాస్తవంగా కొలిచిన అప్‌లోడ్ వేగాన్ని తీసుకోవాలి.

రోగుల రిపోర్టులు, విద్యార్థుల ఆధార్ ప్రతులు లాంటివి బయటికి పంపేటప్పుడు ఎన్‌క్రిప్షన్, అంటే తాళం లేనివారు చదవలేకుండా మార్చడం, తప్పనిసరి అనుకోవాలి. వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణకు 2023లో చట్టం కూడా వచ్చింది. పైప్‌లో క్రమం ఇలా ఉండాలి: డంప్, తరువాత కుదింపు, తరువాత జీపీజీ అనే టూల్‌తో ఎన్‌క్రిప్షన్, చివర స్ప్లిట్. ఎన్‌క్రిప్ట్ అయిన డేటా కుదించడానికి లొంగదు కాబట్టి ఈ క్రమం తారుమారు కాకూడదు. తాళం పాస్‌వర్డ్‌ను ఆ సర్వర్‌లో మాత్రమే దాచితే, సర్వర్ పోయిన రోజున బ్యాకప్ కూడా పోయినట్టే. దాన్ని కాగితం మీద రాసి యజమాని లాకర్‌లో ఉంచమనడంలో పాతకాలపు పద్ధతి ఏమీ లేదు.

ముక్కలను నమ్మే ముందు

కుదించి, ఆ పైన కోసిన ముక్కల్లో ఏ ఒక్కటి పాడైనా, అక్కడి నుంచి మిగిలినదంతా సాధారణంగా చదవడానికి రాదు. అందుకే ముక్కలు తయారైన వెంటనే షా256సమ్ కమాండ్‌తో ప్రతి ముక్కకూ ఒక గుర్తు సంఖ్య లెక్కించి, ఆ జాబితాను ముక్కలతో పాటే పంపాలి. చేరిన చోట సీ ఆప్షన్‌తో అదే జాబితాను సరిచూస్తే ఏ ముక్క చెడిందో పేరుతో సహా తెలుస్తుంది, ఆ ఒక్కదాన్నే మళ్లీ పంపితే సరిపోతుంది. ఆ తరువాత ముక్కలన్నిటినీ క్యాట్‌తో వరుసగా కలిపి, జీజిప్‌కు టీ ఆప్షన్ ఇచ్చి పరీక్షించాలి. ఇది ఫైల్‌ను విప్పి రాయదు కాబట్టి చోటు అడగదు. ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే మధ్యలో జీపీజీతో తాళం తీయాలి. మైఎస్‌క్యూఎల్ డంప్‌కు ఇంకొక సులభమైన ఆనవాలు ఉంది: పూర్తయిన డంప్ చివరి వరుసలో డంప్ కంప్లీటెడ్ అని, తేదీతో సహా రాసి ఉంటుంది. విప్పిన ప్రవాహాన్ని టెయిల్ కమాండ్‌కు పైప్ చేసి ఆ వరుస ఉందో లేదో స్క్రిప్టే చూసుకునేలా పెట్టవచ్చు.

పాత జీజిప్ వాడేవారికి ఒక మాట. 1.12 కంటే ముందు వెర్షన్లలో ఎల్ ఆప్షన్ చూపించే విప్పిన సైజు, 4 జీబీ దాటిన ఫైళ్లకు తప్పుగా ఉంటుంది. అది కూడా 32 బిట్ల గొడవే. 40 జీబీల డంప్‌కు రెండు జీబీలని చూపించినంత మాత్రాన బ్యాకప్ పోయిందని కంగారు పడనక్కర్లేదు.

విండోస్‌లో ముక్కలు కలపాలంటే కాపీ కమాండ్‌లో ఫైళ్ల పేర్ల మధ్య + గుర్తు పెట్టాలి, దానికి /బీ తప్పకుండా ఇవ్వాలి. ఇవ్వకపోతే కాపీ వాటిని అక్షరాల ఫైళ్లనుకుని, లోపల కంట్రోల్-జెడ్ గుర్తు కనిపించిన చోటే ఆగిపోతుంది. కలిపిన ఫైల్ చూడడానికి ఉన్నట్టే ఉంటుంది, లోపల సరుకు ఉండదు.

ఇవన్నీ నెగ్గినా, మరో కంప్యూటర్‌లో ఎక్కించి చూసేవరకు దాన్ని బ్యాకప్ అని లెక్కలో రాసుకోకూడదు. ఆఫీసులో పక్కన పెట్టిన పాత డెస్క్‌టాప్ ఉంటే చాలు. అసలు సర్వర్‌లో ఉన్న డేటాబేస్ వెర్షనే దాంట్లోనూ పెట్టి, ముక్కలను కలిపి, విప్పి, ఒకే పైప్‌లో మైఎస్‌క్యూఎల్ క్లయింట్‌కు పంపాలి. పెద్ద బ్లాబ్‌లు ఉన్నప్పుడు ప్యాకెట్ మరీ పెద్దదని ఆగిపోతే, మ్యాక్స్ అలవ్డ్ ప్యాకెట్ సెట్టింగ్‌ను సర్వర్‌లోనూ క్లయింట్‌లోనూ పెంచాలి. దానికి గరిష్ఠం 1 జీబీ. ఎక్కడం పూర్తయ్యాక నాలుగు ముఖ్యమైన టేబుళ్లలో వరుసల లెక్క, చివరి బిల్లు నంబర్, అసలు సర్వర్‌తో సరిపోయాయో చూడాలి. తరువాత తెలుగులో నమోదైన ఒక పేరును తెరిచి చూడాలి. “లక్ష్మి” అన్న చోట ప్రశ్నార్థకాలు కనిపిస్తే, డంప్ తీసేటప్పుడో ఎక్కించేటప్పుడో క్యారెక్టర్ సెట్ తప్పిందని అర్థం; అసలు డేటా ఇంకా చేతిలో ఉండగానే తెలిసింది కాబట్టి సరిచేసుకోవచ్చు. మొత్తం ఎంతసేపు పట్టిందో గోడ మీద రాసిపెట్టడం కూడా అవసరమే. ఇండెక్స్‌లన్నీ మళ్లీ కట్టుకోవాలి కాబట్టి, డంప్ తీయడానికి పట్టిన సమయానికి ఎక్కించే సమయం చాలా రెట్లు ఉండవచ్చు. సర్వర్ కూలిన ఉదయం “ఎన్నింటికి మొదలవుతుందండీ?” అని రిసెప్షన్ నుంచి అడిగినప్పుడు చెప్పడానికి ఒక సంఖ్య ఉండాలి.

రోజూ మొత్తం తీయాలా

డేటాబేస్ 50 జీబీ దాటాక, రోజూ మొత్తం డంప్ తీసి పంపడం చాలా ఆఫీసుల లైన్‌కు మించిన పని. మైఎస్‌క్యూఎల్‌లో బైనరీ లాగ్, అంటే డేటాలో జరిగే మార్పులను రాసుకునే చిట్టా, ఆన్‌లో ఉంటే, వారానికి ఒకసారి ఆదివారం రాత్రి పూర్తి డంప్ తీసి, మిగిలిన రోజుల్లో ఆ లాగ్ ఫైళ్లను మాత్రమే పంపితే సరిపోతుంది. డంప్ తీసేటప్పుడు సోర్స్-డేటా ఆప్షన్‌కు 2 అని ఇస్తే, ఆ క్షణానికి లాగ్ ఎక్కడుందో డంప్ మొదట్లోనే ఒక వ్యాఖ్యగా నమోదవుతుంది. 8.0.26 కంటే ముందు వెర్షన్లలో దీని పేరు మాస్టర్-డేటా. పునరుద్ధరించేటప్పుడు డంప్ ఎక్కించి, అక్కడి నుంచి లాగులను మైఎస్‌క్యూఎల్‌బిన్‌లాగ్ కమాండ్‌తో వరుసగా ఆడిస్తే, సర్వర్ కూలడానికి కాస్త ముందు క్షణం వరకు తీసుకురావచ్చు. 8.0లో సర్వర్ మామూలుగా 30 రోజుల తరువాత పాత లాగులను తనే తొలగిస్తుంది. డిస్క్ నిండుతోందని ఈ గడువును ఎవరైనా రెండు రోజులకు తగ్గించి ఉంటే, లాగులను బయటికి పంపే పని కూడా అంతకంటే తరచుగా జరగాలి.

పోస్ట్‌గ్రెస్‌లో ఇదే పనిని పూర్తి కాపీ తీసే పీజీ బేస్‌బ్యాకప్, మార్పుల చిట్టా అయిన వాల్ ఫైళ్లను దాచే వాల్ ఆర్కైవింగ్ కలిసి చేస్తాయి. వాల్ ఫైల్ మామూలుగా 16 ఎంబీ మాత్రమే కాబట్టి ఏ డ్రైవ్‌కూ, ఏ క్లౌడ్‌కూ అభ్యంతరం ఉండదు.

పాతవాటిని తొలగించే స్క్రిప్టును చివర్లో, కానీ జాగ్రత్తగా రాయాలి. వారం దాటిన ఫైళ్లన్నీ తీసేయమని తేదీని బట్టి చెబితే, అర్ధరాత్రికి ఇటూ అటూ పుట్టిన ముక్కల్లో కొన్ని పోయి కొన్ని మిగులుతాయి. మిగిలినవి చోటు తినడం తప్ప దేనికీ పనికిరావు. ఆదివారం డంప్ పోతే, దాని మీద ఆధారపడిన ఆ వారం లాగులు కూడా పనికిరావు. కాబట్టి ఒక వారం డంప్ ముక్కలు, గుర్తు సంఖ్యల జాబితా, ఆ వారం లాగులు అన్నిటినీ ఒకే ఫోల్డర్‌లో పెట్టి, తొలగించేటప్పుడు ఫోల్డర్‌నే మొత్తంగా తొలగించాలి, అదీ తరువాతి వారం ఫోల్డర్ సరిచూపులన్నీ నెగ్గిన తరువాతే.